సొంత స్కూబా సామాను: ఏది కొనాలి, ఏది అద్దెకే వదిలేయాలి

స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదే కోర్సు పూర్తయి, అర్హత కార్డు చేతికొచ్చిన వారం తిరక్కుండానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "కిట్ మొత్తం సొంతంగా కొనేసుకుంటే ఎంతవుతుంది?" శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈ దారి పట్టేవాళ్ళు ఇప్పుడు పెరుగుతున్నారు. కొందరు విశాఖలో రుషికొండ దగ్గర మొదటిసారి నీళ్ళలోకి దిగుతారు. కొందరు అండమాన్ వెళ్ళి హేవ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, కోర్సు చేసొస్తారు. అండమాన్ మనకి పరాయి చోటేమీ కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ బంధువుల ఇంట్లో దిగి డైవింగ్ నేర్చుకుని వచ్చినవాళ్ళు నాకు తెలుసు.

ఆ ప్రశ్నకి ఒక అంకె చెప్పి ఊరుకుంటే అడిగినవాళ్ళకి అన్యాయం చేసినట్టే. కిట్‌లో పది వస్తువులుంటే పదింటికీ పది లెక్కలున్నాయి. కొన్ని మొదటి నెలలోనే కొనాలి. కొన్ని ఏడాదికి ఇరవై రోజులు సముద్రంలో గడిపేవాళ్ళు తప్ప కొనకూడదు. ఒకటైతే అసలు ఎవరూ కొనకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, మన ఊళ్ళలో ఉంటూ కొనేవాళ్ళ మీద పడే అసలు బరువు కొన్న తర్వాత మొదలవుతుంది. ధర ఒక్కసారి కట్టేస్తాం. సంరక్షణ, సర్వీసు ఏటా వెంటపడతాయి. కొనేముందు ఈ సంగతి చెప్పేవాళ్ళు తక్కువ, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

డబ్బు లెక్క ఎక్కడ తప్పుతుంది

విదేశీ వీడియోలు చూసి లెక్కలు వేసుకునేవాళ్ళు ఒక చోట పొరబడతారు. చాలా దేశాల్లో డైవ్‌కి ఒక ధర, సామాను అద్దె విడిగా ఇంకో ధర. మన దగ్గర చాలా డైవ్ సెంటర్లు రెండూ కలిపి ఒకే రేటు చెబుతాయి. మీ సామాను మీరు తెచ్చుకుంటే కొంత తగ్గించేవాళ్ళున్నారు, ఒక్క రూపాయి కూడా తగ్గించనివాళ్ళూ ఉన్నారు. కాబట్టి కొనేముందు మీరు మామూలుగా వెళ్ళే సెంటర్‌కి ఫోన్ చేసి, "సొంత గేర్ తెస్తే రోజుకి ఎంత తగ్గిస్తారు?" అని అడగండి. ఆ ఒక్క జవాబు మీద మీ లెక్కంతా ఆధారపడి ఉంటుంది.

ఉదాహరణకి రోజుకి వెయ్యి రూపాయలు తగ్గిస్తారనుకుందాం. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది), బీసీడీ (గాలి నింపి, వదిలి తేలడాన్ని అదుపు చేసుకునే జాకెట్), డైవ్ కంప్యూటర్, వెట్‌సూట్ (ఒంటిని పట్టి ఉండే రబ్బరు సూట్), మాస్క్, ఫిన్స్ (కాళ్ళకి తొడిగే తెడ్లు) అన్నీ మధ్యరకంవి కలిపి 1,20,000 రూపాయలు పెట్టారనుకుందాం. రెగ్యులేటర్ సర్వీసు, కొరియర్, చిన్నాచితకా విడిభాగాలకి ఏడాదికి 6,000 అనుకుందాం. మీరు ఏడాదికి ఆరు రోజులు డైవ్ చేస్తే మిగిలేది 6,000, సర్వీసుకి పోయేది 6,000. పెట్టిన లక్షా ఇరవై వేలు ఎప్పటికీ తిరిగి రావు. అదే ఏడాదికి ఇరవై రోజులు చేస్తే ఏటా 14,000 మిగులుతుంది, పెట్టుబడి తిరిగి రావడానికి ఎనిమిదేళ్ళు దాటుతుంది. ఆ ఎనిమిదేళ్ళలో వెట్‌సూట్ కనీసం ఒకసారైనా మార్చాల్సి వస్తుంది.

విమానం సంగతి కూడా చూసుకోవాలి. దేశంలో తిరిగే చాలా విమానాల్లో చెక్-ఇన్ సామాను పరిమితి 15 కిలోలు. పూర్తి స్కూబా సెట్టే పన్నెండు, పదమూడు కిలోలు తూగుతుంది. బట్టలు పెట్టేసరికి అదనపు లగేజీ డబ్బులు మొదలవుతాయి.

అంటే డబ్బు ఆదా అవుతుందని సొంత కిట్ కొనేవాళ్ళు, ముఖ్యంగా మన ప్రాంతంలో, దాదాపు అందరూ నష్టపోతారు. కొనడానికి మంచి కారణాలు వేరే ఉన్నాయి: ఒంటికి సరిపోవడం, శుభ్రత, భద్రత. ఈ మూడింటి ప్రకారం చూస్తే ఏది కొనాలో దానంతట అదే తేలుతుంది.

మన తీరం ఎన్నాళ్ళు దిగనిస్తుంది

శ్రీకాకుళం జిల్లాకి 190 కిలోమీటర్ల పైచిలుకు తీరం ఉంది. రాష్ట్రంలో పొడవైన తీరాల్లో ఇదొకటి. విజయనగరానికి పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లో కొద్ది ముక్కే దక్కింది. ఇంత తీరం ఉంది కాబట్టి ఏడాదంతా దిగొచ్చనుకుంటే పొరపాటు. నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా, అన్నీ ఇక్కడే సముద్రంలో కలుస్తాయి. వానలు పడ్డాయంటే ఒండ్రునీరు తీరం పొడవునా తిరుగుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కెరటాలు పెద్దవి. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల నెలలు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబర్‌లోనే వచ్చాయి. తీరం వెంట నడిచే ప్రవాహం కూడా అక్టోబర్ నుంచి జనవరి దాకా ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది, ఫిబ్రవరి నుంచి తిరగబడి ఉత్తరానికి పారుతుంది. ఉత్తరం నుంచి వచ్చేటప్పుడు పెద్ద నదుల నీటిని వెంటబెట్టుకుని వస్తుంది.

ఇవన్నీ పోను చలికాలం నడిమి నుంచి వేసవి మొదలు దాకా నాలుగైదు నెలలు మిగులుతాయి. అందులోనూ తీరా వెళ్ళాక దిగలేని రోజులుంటాయి. చింతపల్లిలో ఒక ఉదయం సామానంతా పడవలో సర్దుకున్నాక, పడవ నడిపే ఆయన నీళ్ళకేసి ఒక్కసారి చూసి, "బురద తిరిగిపోయింది బాబూ, నీ చెయ్యి నీకే అగుపడదు, రేపు రా" అన్నాడు. ఆయన మాట మీద ఆగిపోయాం. మధ్యాహ్నానికి నీళ్ళు టీ రంగులోకి మారాయి. బారువ దగ్గర పాత ఓడ శిథిలం చూడాలన్నా, సంతపల్లి లైట్‌హౌస్ వైపు రాళ్ళ మీద చేపల్ని చూడాలన్నా ఇలాంటి రోజుల్ని కూడా లెక్కలో వేసుకోవాలి. మన నీళ్ళలో ఏడాదికి ఇరవై రోజులు దొరకడం చాలా కష్టం. అండమాన్‌కో, పుదుచ్చేరికో, కర్ణాటకలో నేత్రాణికో వెళ్ళే రోజులు కలిపితేనే అంకె పెరుగుతుంది.

మొదట మాస్క్

ఎవరైనా ఒకే ఒక్క వస్తువు కొనగలిగితే అది మాస్కే. ధర రెండు వేల నుంచి ఐదారు వేలు. డైవ్ బాగుండటానికీ పాడవటానికీ దీనంత కారణం ఇంకొకటి లేదు. అద్దె మాస్క్ మీ ముఖానికి కుదిరితే అది మీ అదృష్టం. కుదరకపోతే డైవ్ అంతా ముక్కులోకి నీళ్ళు, అస్తమానం వాటిని ఊదుకోవడం, ఆ టెన్షన్‌లో గాలి రెట్టింపు వాడేయడం.

కొనేటప్పుడు ఇలా చూడండి. మాస్క్ వెనక పట్టీని ముఖానికి అడ్డు రాకుండా ముందుకి మడవండి. తల కొంచెం పైకెత్తి మాస్క్‌ని ముఖం మీద ఆనించండి, నొక్కకండి. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి ఊపిరి బిగపట్టి తల దించండి. చెయ్యి వదిలేసినా మాస్క్ ముఖానికి అతుక్కుని ఉండాలి. ఎక్కడో సన్నగా గాలి చొరబడుతున్నట్టు తెలిస్తే ఆ మోడల్ మీకు కాదు, ఎంత ఖరీదైనదైనా సరే. తర్వాత నోట్లో మౌత్‌పీస్ పెట్టుకున్నట్టు పెదాలు ముందుకి చాచి మళ్ళీ చూడండి. నోరు కదిలితే బుగ్గలు, పైపెదవి కదులుతాయి, అక్కడ సీల్ తెగిపోవచ్చు. ఈ రెండో పరీక్ష షాపులో ఎవరూ చేయించరు.

మీసం ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కుంది. సిలికాన్ అంచు చర్మానికి అతుక్కుంటుంది కానీ వెంట్రుకలకి అతుక్కోదు. మీసం తీసేయక్కర్లేదు. ముక్కు కింద, మాస్క్ అంచు ఆనేంత మేర సన్నగా ఒక గీతలా ట్రిమ్ చేసుకుంటే చాలావరకు సరిపోతుంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి పవర్ అద్దాలు బిగించే మాస్కులు దొరుకుతాయి. అద్దెకి అవి దొరకడం అరుదు కాబట్టి వాళ్ళు మొదటి రోజు నుంచే సొంత మాస్క్ వైపు చూడాలి. అద్దం మీద టెంపర్డ్ (గట్టిపరిచిన అద్దం) అని ఉందో లేదో చూసుకోండి.

కొత్త మాస్క్ లోపలి అద్దం మీద తయారీలో పట్టిన సన్నటి పొర ఉంటుంది. అది పోనంతవరకు ఎంత ఉమ్మి రాసినా మంచు పట్టినట్టు మసకబారుతుంది. మామూలు తెల్ల టూత్‌పేస్ట్ వేలితో రాసి, రుద్ది, కడిగి, మళ్ళీ రుద్దాలి. నాలుగైదు సార్లు చేయాల్సి రావచ్చు. మసకబారకుండా కంపెనీవాళ్ళే ప్రత్యేకంగా పూత వేసిన అద్దాల మీద మాత్రం రుద్దకూడదు.

స్నార్కెలింగ్‌కి అమ్మే ఫుల్-ఫేస్ మాస్క్ చూడ్డానికి ఆకర్షణీయంగా ఉంటుంది, దాన్ని స్కూబాకి వాడకూడదు. ఈత గాగుల్స్ అసలే వద్దు. లోతుకి వెళ్ళేకొద్దీ మాస్క్‌లోని గాలి నలుగుతుంది. పది మీటర్ల దగ్గర ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెండింతలు. ముక్కుతో కాస్త గాలి వదిలి మాస్క్‌లో ఒత్తిడి సరిచేసుకోకపోతే అది కళ్ళని, ముఖాన్ని తనలోకి లాగుతుంది. గాగుల్స్‌లో ముక్కే ఉండదు. ఫుల్-ఫేస్‌లో ముక్కు చేత్తో మూసి చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడం కుదరదు.

తర్వాత కంప్యూటర్

మాస్క్ తర్వాత చాలామంది ఫిన్స్ కొంటారు, లేదా వెట్‌సూట్. నా ఉద్దేశంలో రెండో డబ్బు డైవ్ కంప్యూటర్ మీద పెట్టాలి. ఇరవై, పాతిక వేల నుంచి మొదలవుతాయి, వాచీలా చేతికి కట్టుకునేవే. ఇంత ఖరీదు దేనికని అడగొచ్చు.

ఒత్తిడిలో గాలి పీల్చినప్పుడు అందులోని నత్రజని మన రక్తంలోకి, కండరాల్లోకి, కొవ్వులోకి చేరుతుంది. ఎంత లోతుకి వెళితే, ఎంతసేపు ఉంటే అంత ఎక్కువ. పైకి వచ్చేటప్పుడు అది నెమ్మదిగా ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోవాలి. తొందరపడితే ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పుల నుంచి పక్షవాతం దాకా ఏదైనా రావచ్చు. కంప్యూటర్ ప్రతి కొన్ని సెకన్లకీ మీ లోతు చూసి, మీ ఒంట్లో ఎంత నత్రజని ఉండొచ్చో లెక్కకట్టి, ఈ లోతులో ఇంకెన్ని నిమిషాలు ఉండొచ్చో చూపిస్తుంది. మొదటి డైవ్ అయ్యాక గంటసేపు పడవలో కూర్చున్నప్పుడు కూడా లెక్క ఆపదు. రెండో డైవ్‌కి మిగిలిన నత్రజనిని కలుపుకుని తక్కువ సమయం ఇస్తుంది.

కంప్యూటర్ నిన్నటి నుంచి మీ ఒంటి చరిత్ర మోస్తోంది. పొద్దున్న ఇంకొకరు కట్టుకున్న అద్దె కంప్యూటర్‌ని మధ్యాహ్నం మీరు కట్టుకుంటే అది వాళ్ళ ఒంటి లెక్క మీకు చెబుతుంది. చాలాచోట్ల అదీ ఇవ్వరు. గైడ్ చేతికి ఒకటి ఉంటుంది, అందరూ ఆయన వెనక ఈదుతారు. ఆయన పదహారు మీటర్లలో ఉంటే, చేపని చూస్తూ మీరు ఇరవైకి జారితే, ఆయన కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు.

ఇంకో ఉపయోగం మన ప్రాంతంవాళ్ళకి ప్రత్యేకం. రోజూ లేదా రోజుకి రెండు మూడు డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదన్నది డైవర్లంతా పాటించే నియమం. దాన్ని అందరూ గుర్తుంచుకుంటారు, ఘాట్ రోడ్డుని మర్చిపోతారు. ఉదయం రుషికొండలో డైవ్ చేసి సాయంత్రానికి ఎస్.కోట మీదుగా అరకు ఎక్కే కార్యక్రమం చాలామంది వేసుకుంటారు. అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకి పైన ఉంది, దారిలో ఘాట్ ఇంకా ఎత్తు. ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఒంట్లో మిగిలిన నత్రజనికి విమానమైనా కొండైనా ఒకటే. అరకు ముందు చూసి, సముద్రం తర్వాత పెట్టుకోండి. ఇంకా విమానం ఎక్కొద్దని చెప్పే విమానం బొమ్మ కంప్యూటర్ తెరమీద వెలుగుతున్నంతసేపు కొండలెక్కొద్దు.

చిన్న వస్తువులు, ఒంటికి వేసుకునేవి

ఖరీదు తక్కువ, అవసరం ఎక్కువ ఉన్నవి మూడున్నాయి. మొదటిది సొంత మౌత్‌పీస్. నాలుగైదు వందల రూపాయల సిలికాన్ ముక్క, దాదాపు అన్ని రెగ్యులేటర్లకీ సరిపోతుంది, ఒక ప్లాస్టిక్ జిప్-టైతో బిగించుకోవాలి. నిన్న ఎవరి నోట్లో ఉందో తెలియని దాన్ని గంటసేపు కొరికి పట్టుకునే బాధ ఉండదు. రెండోది ఎస్ఎంబీ, అంటే నీళ్ళలోంచి పైకి పంపే నారింజరంగు పొడుగు బెలూన్. ఇంజిన్ పడవలు తిరిగే మన నీళ్ళలో పైకి తేలేముందు "ఇక్కడ మనిషి ఉన్నాడు" అని చెప్పే గుర్తు అదొక్కటే. మూడోది వల కోసే చిన్న కట్టర్. తెగిపోయిన వలలు రాళ్ళకీ శిథిలాలకీ చుట్టుకుని ఉంటాయి, నైలాన్ దారం మసకనీళ్ళలో కనపడదు, కాలికి తగిలాకే తెలుస్తుంది. విమానంలో కట్టర్‌ని చెక్-ఇన్ బ్యాగులో వేయాలి, టార్చిలైటు లిథియం బ్యాటరీని చేతిబ్యాగులో పెట్టుకోవాలి.

ఫిన్స్ నిదానంగా కొనొచ్చు. రాళ్ళ మీద నుంచి, ఇసుక మీద నుంచి నడిచి వెళ్ళే అలవాటుంటే బూట్లతో వేసుకునే ఓపెన్-హీల్ రకం మంచిది.

వెట్‌సూట్ విషయంలో మన నీళ్ళు వెచ్చన కాబట్టి మూడు మిల్లీమీటర్లది చాలు. సొంతది ఉండటంలో శుభ్రత సంగతి అందరికీ తెలుసు. ఎక్కువసేపు నీళ్ళలో ఉన్నవాళ్ళు సూట్‌లోనే మూత్రం పోయడం మామూలే. దానికంటే పెద్ద లాభం ఒకటుంది. సూట్ మందం, పాతదనం బట్టి నీళ్ళలో తేలే గుణం మారుతుంది, దానితో మునగడానికి నడుముకి కట్టుకునే సీసం బరువు మారుతుంది. అద్దె సూట్ మారిన ప్రతిసారీ నాలుగు కిలోలా ఆరు కిలోలా అని వెతుక్కోవాలి. మీ సూట్ మీదైతే ఆ అంకె స్థిరపడుతుంది. బరువు సరిగ్గా ఉన్న డైవర్ నేల గీసుకోకుండా, పైకి తన్నుకురాకుండా, తక్కువ గాలితో ఈదుతాడు.

రెగ్యులేటర్, బీసీడీ: ఇక్కడే ఆగి ఆలోచించాలి

సిలిండర్‌లో గాలి 200 బార్ ఒత్తిడిలో, అంటే మన చుట్టూ ఉన్న గాలికి దాదాపు రెండు వందల రెట్ల ఒత్తిడిలో, ఉంటుంది. అది నేరుగా నోట్లోకి వస్తే బతకం. రెగ్యులేటర్ దాన్ని రెండు మెట్లలో తగ్గిస్తుంది. సిలిండర్‌కి బిగించే ఫస్ట్ స్టేజ్ దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే తొమ్మిది, పది బార్ ఎక్కువకి దించుతుంది. నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్, మనం పీల్చిన క్షణంలో, అప్పటి నీటి ఒత్తిడికి సమానంగా గాలి అందిస్తుంది. 1943లో ఫ్రాన్స్‌లో కుస్తో, గన్యాఁ అనే ఇద్దరు కలిసి చేసిన ఆక్వాలంగ్ అనే శ్వాస పరికరం నుంచి ఈ సూత్రం మారలేదు. లోపల స్ప్రింగులు, వాల్వు సీట్లు, రబ్బరు ఓ-రింగులు, పల్చటి డయాఫ్రమ్‌లు ఉంటాయి. రబ్బరు ఎండుతుంది, ఉప్పు గడ్డకడుతుంది. వాడినా వాడకపోయినా అరుగుతుంది. అందుకే కంపెనీని బట్టి ఏడాదికో, రెండేళ్ళకో, లేదా దాదాపు వంద డైవ్‌లకో విప్పి, శుభ్రం చేసి, సర్వీస్ కిట్‌లోని భాగాలు మార్చి, ఒత్తిడి సరిచూడాలి. ఆ పని ఆ కంపెనీ దగ్గర శిక్షణ పొందినవాళ్ళే చేయాలి.

అలాంటివాళ్ళు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో నాకు తారసపడలేదు. అంటే సామాను కొరియర్‌లో వేరే నగరానికి పంపాలి, విడిభాగాలు రావడానికి వారాలు ఎదురుచూడాలి. కాబట్టి రెగ్యులేటర్ కొనేముందు బ్రాండ్ గురించి కాకుండా సర్వీస్ గురించి అడగండి. ఈ మోడల్‌ని దేశంలో ఎక్కడ విప్పుతారు, కిట్ స్టాకులో ఉంటుందా, మొత్తం ఎన్ని రోజులు పడుతుంది? స్పష్టంగా జవాబు రాకపోతే ఆ కంపెనీది ఎంత గొప్పదైనా మనకి పనికిరాదు. మట్టి, ఇసుక కలిసిన మన నీళ్ళకి లోపలి భాగాలకి నీళ్ళు తగలకుండా పక్కా సీల్ ఉన్న డయాఫ్రమ్ రకం నయం. మన సెంటర్లలో ఎక్కువగా యోక్ వాల్వుల (రెగ్యులేటర్‌ని చట్రంతో బిగించే రకం) సిలిండర్లే కనపడతాయి. డిన్ రకం (మరలా తిప్పి బిగించేది) కొంటే అడాప్టర్ వెంట ఉంచుకోవాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 ముద్ర ఉందేమో చూడండి.

ఏడాదికి ఆరేడు రోజులే దిగేవాళ్ళకి మంచి సెంటర్లో ఇచ్చే అద్దె రెగ్యులేటరే మేలని నమ్ముతాను. అది రోజూ వాడకంలో ఉంటుంది, ఏదైనా తేడా వస్తే అక్కడి మనిషికి అదే రోజు తెలుస్తుంది. మీ ఇంట్లో పది నెలలు అటక మీద పడున్న రెగ్యులేటర్‌లో ఏమైందో నీళ్ళలోకి దిగేదాకా ఎవరికీ తెలియదు.

అయితే అద్దెది ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు తగిలించుకోకూడదు. ముందు ఫస్ట్ స్టేజ్‌లో సిలిండర్ గాలి లోపలికి వచ్చే చోట ఉన్న చిన్న లోహపు జల్లెడ చూడండి. అది మెరుస్తూ ఉండాలి. ఆకుపచ్చగా ఉంటే లోపలికి ఉప్పునీరు వెళ్ళిందని అర్థం, వేరేది అడగండి. గొట్టాల్ని లోహపు బిగింపు దగ్గర వంచి పగుళ్ళు చూడండి. మౌత్‌పీస్ జిప్-టై ఊడిపోయేలా ఉందేమో లాగి చూడండి. సిలిండర్ తెరిచాక దాని ఒత్తిడి చూపే గేజ్ మీద కన్నుంచి నాలుగైదు సార్లు గట్టిగా పీల్చండి. పీల్చిన ప్రతిసారీ ముల్లు కిందకి ఊగి మళ్ళీ లేస్తుంటే వాల్వు పూర్తిగా తెరుచుకోలేదు, లేదా ఎక్కడో అడ్డు ఉంది. ఒడ్డున ఎలాగోలా గాలి వస్తుంది. ఇరవై మీటర్ల లోతులో ప్రతి ఊపిరికీ మూడింతల గాలి కావాలి, అక్కడ అందదు. గాలికి నూనె వాసన, పొగ వాసన వస్తే ఆ సిలిండర్‌తో దిగొద్దు. బీసీడీని నిండుగా గాలితో నింపి పది నిమిషాలు వదిలేయండి, మెత్తబడకూడదు. దానిలో గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కి వదిలితే గాలి వెంటనే ఆగాలి. ఇరుక్కుపోయిన బటన్ డైవర్‌ని బుడగలా పైకి లాగేస్తుంది.

ఇవన్నీ చూసుకోవడానికి పావుగంట పడుతుంది. "ఏటి సార్, నమ్మకం లేదా?" అని ఎవరైనా అన్నా సరే, మొహమాటపడొద్దు. మంచి ఇన్‌స్ట్రక్టర్ ఈ పని చేసేవాళ్ళని చూసి సంతోషిస్తాడు.

బీసీడీ సంగతి క్లుప్తంగా చెబుతాను. సైజు కుదరని జాకెట్‌తో ఇబ్బంది పడేవాళ్ళు, ముఖ్యంగా చిన్న సైజు కావాల్సిన ఆడవాళ్ళు, దీన్ని రెగ్యులేటర్ కంటే ముందే కొనుక్కోవడంలో అర్థముంది. మిగిలినవాళ్ళకి తొందరలేదు. కొంటే ప్రయాణాలకి పనికొచ్చే తేలికరకం చూసుకోండి.

సిలిండర్ మాత్రం వద్దు

నిండు సిలిండర్ విమానం ఎక్కదు. ఖాళీ చేసినా వాల్వు విప్పి చూపించమంటారు, పైగా అల్యూమినియందే పద్నాలుగు కిలోల పైన బరువు. అధిక ఒత్తిడి సిలిండర్లు గ్యాస్ సిలిండర్స్ రూల్స్ 2016 కిందకి వస్తాయి. నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి, నిర్ణీత కాలానికోసారి నీటి ఒత్తిడితో చేసే హైడ్రాలిక్ పరీక్ష ఉండాలి. ఇవన్నీ సర్దుకున్నా నింపేదెక్కడ?

ఈ చివరి ప్రశ్న దగ్గరే ప్రమాదం ఉంది. ఊళ్ళో పంక్చర్ షాపు కంప్రెసర్‌తోనో, వర్క్‌షాపు కంప్రెసర్‌తోనో నింపుకోవచ్చని అనుకునేవాళ్ళున్నారు. ఆ కంప్రెసర్ ఇచ్చేది ఎనిమిది, పది బార్. స్కూబాకి కావాల్సింది 200 బార్. అంతకంటే ముఖ్యం, అది మనిషి పీల్చడానికి చేసిన గాలి కాదు. అందులో నూనె ఆవిరి ఉంటుంది. పక్కన ఇంజిన్ నడుస్తుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన ఉండదు. ఒడ్డున తలనొప్పి తెప్పించే మోతాదు ఇరవై మీటర్ల లోతులో మూడింతల ప్రభావం చూపుతుంది. స్పృహ తప్పడానికి అది చాలు. ఆ కంప్రెసర్‌కి నేరుగా గొట్టం తగిలించి నోట్లో పెట్టుకుని దిగడం కూడా ఇంతే ప్రాణాంతకం. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సొంత సామాను ఉందన్న ధైర్యంతో సెంటర్ లేకుండా, బడ్డీ (జతగా దిగే తోటి డైవర్) లేకుండా, పడవలో పైన మనిషి లేకుండా కళింగపట్నంలోనో భావనపాడులోనో దిగే ఆలోచన దయచేసి పెట్టుకోవద్దు. సిలిండర్ ఎప్పుడూ సెంటర్‌దే వాడండి. అప్పుడు మనిషి తోడు కూడా దానితోపాటే వస్తుంది.

దుబాయ్ నుంచి తెప్పించుకుంటే?

మన జిల్లాల నుంచి గల్ఫ్‌లో, ఓడల మీద పనిచేసేవాళ్ళు ఎక్కువ కాబట్టి "బావ వస్తున్నాడు, అక్కడ చవకట" అనే మాట తరచూ వింటుంటాను. మాస్క్, ఎస్ఎంబీ లాంటివి తెప్పించుకోండి, ఇబ్బంది లేదు. మాస్క్ మాత్రం అదే మోడల్‌ని మీ ముఖం మీద ఒకసారి పెట్టి చూశాకే. కంప్యూటర్, రెగ్యులేటర్‌కి వారంటీ చాలాసార్లు కొన్న దేశంలోనే చెల్లుతుంది. కస్టమ్స్ సుంకం పడితే తేడా ఇంకా తగ్గుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో ఫిన్స్, సీసం బరువులు నిశ్చింతగా కొనొచ్చు. బీసీడీని గాలి నింపి రాత్రంతా వదిలి చూసి కొనండి. కంప్యూటర్‌కి బ్యాటరీ మూత దగ్గర తుప్పు ఉందేమో, ఆ మోడల్ బ్యాటరీ ఇంకా దొరుకుతుందేమో చూడాలి. రెగ్యులేటర్ అయితే ధరకి ఒక పూర్తి సర్వీసు ఖర్చు కలిపి, ఆ మొత్తాన్ని కొత్తదాని ధరతో పోల్చండి. సర్వీస్ రసీదులు చూపించలేనివాళ్ళ దగ్గర కొనొద్దు.

ఇంటికి తెచ్చాక

ఉప్పు, నీళ్ళలో కరిగి ఉన్నంతసేపు ఏమీ చేయదు, ఎండితే గట్టి పలుకులై రబ్బరుని కోస్తుంది. అందుకే డైవ్ అయిన రోజే, తడి ఆరకముందే మంచినీళ్ళలో నానబెట్టాలి. తీరానికి దగ్గర ఊళ్ళలో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి, వాటిలో కడిగితే కడిగినట్టు కాదు. రెండు బకెట్ల మంచినీళ్ళు పక్కన పెట్టుకోండి. రెగ్యులేటర్ ఫస్ట్ స్టేజ్‌కి మూత బిగించాకే నీళ్ళలో ముంచాలి, నీళ్ళలో ఉన్నప్పుడు సెకండ్ స్టేజ్ మీద గాలి వదిలే పర్జ్ బటన్ నొక్కకూడదు, నొక్కితే నీళ్ళు గొట్టంలోంచి లోపలికి పోతాయి. బీసీడీలోకి ఇన్‌ఫ్లేటర్ గొట్టం ద్వారా అర లీటరు నీళ్ళు పోసి, ఊపి, తలకిందులు చేసి వంపేయండి. బయట మాత్రమే కడిగితే లోపలి సంచి ఉప్పుతో కుళ్ళుతుంది.

డాబా మీద ఎండలో ఆరేయొద్దు. మన ఎండకి వెట్‌సూట్ రబ్బరు ఒకటి రెండు సీజన్లలోనే గట్టిపడి పగులుతుంది. నీడలో, వెడల్పాటి హ్యాంగర్ మీద వేలాడదీయండి. వానాకాలం వేరే గొడవ: గాలిలో తేమ వల్ల మాస్క్ సిలికాన్ అంచుకి నల్లటి బూజు మచ్చలు పడతాయి, వెట్‌సూట్ ముక్కవాసన కొడుతుంది. పూర్తిగా ఆరాక, సిలికా జెల్ పొట్లాలతో మూతబిగువు డబ్బాలో పెట్టండి. రెగ్యులేటర్ మౌత్‌పీస్‌లోకి చిన్న బొద్దింకలు, చీమలు దూరకుండా శుభ్రమైన గుడ్డతో కప్పి కట్టండి. గొట్టాల్ని గట్టిగా మడవకుండా పెద్ద చుట్టగా చుట్టాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో చేపల వేట నిషేధం ఉంటుంది, ఆ వెంటనే వానలు. రెగ్యులేటర్‌ని సర్వీసుకి పంపడానికి ఆ నెలలే అనువు. సీజన్ మొదలయ్యేలోపు తాపీగా తిరిగొస్తుంది. తిరిగొచ్చాక నేరుగా సముద్రంలో వాడకండి. సెంటర్‌లో సిలిండర్‌కి బిగించి, స్విమ్మింగ్ పూల్‌లో ఒక అరగంట పీల్చి, కంప్యూటర్ బ్యాటరీ, బీసీడీ బటన్లు అన్నీ చూసుకుని, తర్వాతే పడవ మాట్లాడుకోండి.